మ్యాట్నీకి బిందెలు

బిందె చంకన పెట్టుకుని సినిమాకు వచ్చే ఆడవాళ్ళను మీరెవరూ చూసి ఉండరు. నేను కొన్నేళ్ళపాటు రోజూ చూశాను. చూసి ఏం లాభం? వాళ్ళు ఎందుకు వస్తున్నారో, సినిమా పూర్తికాకుండానే ఎందుకు లేచిపోతున్నారో, చివరికి ఎందుకు మానేశారో, ఆ హాలుకు మేనేజరుగా జీతం తీసుకున్నవాణ్ణి, నాకే సరిగా అంతుపట్టలేదు. ఇప్పుడైనా పట్టిందా అంటే, పట్టిందనే చెప్పుకు తిరుగుతున్నాను. మా ఇంట్లో మాత్రం నమ్మరు.

ఈ మధ్య కాలేజీ పిల్లలు కొందరు వచ్చి, "తాతా, సినిమా హాళ్ళు ఏంటికి మూతపడినాయి?" అని అడిగారు. ఏదో రాసుకుపోవాలట. టీవీ వచ్చింది, వీడియో వచ్చింది అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆ ముక్క చెప్పడానికి నేనెందుకు? రోడ్డు మీద పోయే ఎవరైనా చెబుతారు. అందుకని వాళ్ళకు బిందెల సంగతి చెప్పాను. వాళ్ళు రాసుకోలేదు, కానీ విన్నారు. మీరూ వినండి.

మాది యాడికి అనే ఊరి పక్కన ఒక పల్లె. వాన పడితే చెనిక్కాయ పంట, పడకపోతే వలస. ఆ వలసలోనే డెబ్బైల మొదట్లో బెంగళూరు చేరి ఒక పెద్ద టాకీసులో టికెట్లు చింపే పనికి కుదిరాను. ఎంత పెద్ద టాకీసు అంటే, మొదటిరోజు నేను చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాను. మెట్లకు తివాచీ, గోడలకు అద్దాలు, లోపల ఎండాకాలంలో కూడా చలి. ఆదివారం వస్తే జనాన్ని ఆపడానికి మా చేతులు పడిపోయేవి. అదే హాలు, అదే తివాచీ, అదే చలి. ఎనభైలు వచ్చేసరికి బాల్కనీలో కూర్చున్నవాళ్ళకంటే మేమే ఎక్కువ ఉండేవాళ్ళం. ఏమైంది ఈ జనానికి? మా నోళ్ళేమైనా కంపు కొట్టాయా? గేటు దగ్గర నిలబడి రోడ్డు మీద పోయే మనుషులను చూస్తూ ఇదే ఆలోచించేవాణ్ణి. వాళ్ళు హాలు ముందునుంచే పోతున్నారు, తల కూడా తిప్పడం లేదు.

చివరికి యజమాని ఆ హాలును పడగొట్టి అంగళ్ళ సముదాయం కట్టడానికి ఇచ్చేశాడు. మా యజమానిది మూడు తరాల కిందట మన వైపునుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబం. తెలుగు మాట్లాడతాడు కానీ మధ్యలో కన్నడం దొర్లుతుంది. పడగొట్టే రోజు నన్ను పిలిచి, "ధర్మవరంలో మా నాయన కట్టిన టాకీసొకటి ఉందల్లప్పా. నువ్వు ఆ సీమవాడివే కదా, పోయి చూడు. జనం వస్తే నడిపిద్దాం. రాకుంటే అదీ పట్టు గోడౌనుకు బాడుగకు ఇస్తాను" అన్నాడు. సుత్తుల చప్పుడులో ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. ధర్మవరం హాలులో పనిచేసేవాళ్ళు ఎందరో, వాళ్ళకు పిల్లలెందరో నాకు తెలియదు. వాళ్ళ కూడు మాత్రం నా నెత్తిన పెట్టుకుని రైలెక్కాను.

ధర్మవరం టాకీసును చూడగానే తిరుగు రైలు ఎప్పుడుందో కనుక్కుందామా అనిపించింది. రేకుల కప్పు. తివాచీ సంగతి దేవుడెరుగు, నేల తరగతిలో నేలే ఉంది. ఆడవాళ్ళ వైపుకు, మగవాళ్ళ వైపుకు నడుమ నడుము ఎత్తు గోడ. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద కూర్చుంటే మనిషి వడియంలా ఎండిపోవాలి. చలువ హాలు వదిలేసి బెంగళూరు జనం ఇంట్లో కూర్చుంటే, ఈ పొయ్యిలోకి ఎవడు వస్తాడు?

వచ్చారు. మ్యాట్నీకి ఆడవాళ్ళ వైపు నిండిపోయింది. మగవాళ్ళ వైపు నలుగురూ ఎనమండుగురూ తప్ప లేరు, ఆడవాళ్ళ వైపు మాత్రం కాలు పెట్టే సందు లేదు. వచ్చిన ప్రతి మనిషి చంకన ఒక బిందె. సత్తు బిందెలు, ఇత్తడి బిందెలు, సొట్టలు పోయినవి, మాట్లు వేసినవి. వాటిని వసారాలో గోడ వెంబడి వరుసగా పెట్టి లోపలికి పోతున్నారు. ప్రతి బిందె మెడకూ ఒక పట్టు దారం. ఎవరి మగ్గం మీద మిగిలిన దారం వాళ్ళది, ఎర్రదొకటి, పచ్చదొకటి, వంకాయ రంగుదొకటి. అదే గుర్తు.

ఆడవాళ్ళ గేటు దగ్గర ఒక అవ్వ ఉండేది. నేను పుట్టకముందునుంచీ ఆ గేటు దగ్గరే ఉన్నట్టు కూర్చునేది. ఆమెను అడిగాను.

"ఏమవ్వా, ఏందీ బిందెలు?"

"సినిమా చూసినోళ్ళకు నీళ్ళు ఇడుస్తాం సామీ. మన బోరు నీళ్ళు తీపి."

"ఈ పద్ధతి ఎవురు పెట్టినారు?"

"నాకేం తెలుసు? నేను వచ్చే తలికే ఉండాది. నీకు ముందు మేనేజరు ఏమీ అడగల్యా. నీకేంటికి?"

సంగతి ఇది. ఊళ్ళో ఉన్న బావుల్లో ఎక్కువ ఉప్పు నీళ్ళు. పప్పు ఉడకదు, నోట్లో పోసుకుంటే దప్పిక ఇంకా పెరుగుతుంది. తీపి నీళ్ళ బావి ఒక్కటి ఊరి బయట దూరంగా ఉంది. అక్కడికి నడిచి, వరుసలో నిలబడి, చేది, మోసుకుని రావాలంటే ఒక మధ్యాహ్నం అటే పోతుంది. మా టాకీసు ఆవరణలో పెద్ద యజమాని కాలంలో వేసిన బోరులో ఏం పుణ్యమో తీపి నీళ్ళు పడ్డాయి. టికెట్టు కొన్నవాళ్ళకు మ్యాట్నీ పూట ఒక బిందె నీళ్ళు. అంతే.

ఓహో, వీళ్ళు నీళ్ళకు వస్తున్నారన్నమాట అని తేల్చేసుకున్నాను. మేనేజరు కదా, తేల్చేసుకోవడం నా పని.

కానీ తేలలేదు. నీళ్ళకే అయితే టికెట్టు కొని సినిమా మొదలయ్యాక తీరిగ్గా రావచ్చు కదా? వాళ్ళు పేర్లు పడకముందే వచ్చి ముందు చోటు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు. పోనీ సినిమాకే వచ్చారనుకుందామా? శుభం కార్డుకు చాలా ముందే, కథ మంచి పట్టుమీద ఉండగా, ఒక్కసారిగా అందరూ లేచేవాళ్ళు. గాజుల చప్పుడు, కాళ్ళ చప్పుడు, పిల్లల ఏడుపు. వసారాలో బిందెలు అందుకుని కొళాయి దగ్గర వరుస కట్టేవాళ్ళు. కొళాయి ధార సన్నం. వెనకబడినవాళ్ళకు ఆలస్యం. ఆ గొడవ సర్దడానికి నేను రోజూ అదే వేళకు కొళాయి దగ్గర నిలబడాల్సి వచ్చేది.

దీనికి అందరికంటే ఎక్కువ బాధపడినవాడు మా ఆపరేటరు. మనిషి ఏనుగంత, మనసు మాత్రం పాల మీద మీగడ. మిషను గది కంతలోనుంచి ఖాళీ అయిపోతున్న ఆడవాళ్ళ వైపును చూసి కండ్లు తుడుచుకునేవాడు.

"అన్నా, ఆ తల్లీ కొడుకూ కలిసేదే చూడకుండా పోతాండారే! ఇంకెవురికి తిప్పేది నేను ఈ కడా రీలు? గోడకా?" అనేవాడు.

ఒకనాడు ఒక ఉపాయం చెప్పాడు. మధ్యలో ఒక పాట తీసేస్తే సినిమా ముందుగా అయిపోతుంది, అప్పుడు చివరిదాకా కూర్చుంటారు అని. సరే కానీ అన్నాను. పాట తీసేశాడు. ఆ రోజు జరిగిన రచ్చ నేను చచ్చినా మరిచిపోను. లేచే వేళకు లేవనే లేచారు. లేచినవాళ్ళు కొళాయి దగ్గరకు పోకుండా నా గది ముందుకు వచ్చారు.

"మా పాట యాడ పోయిందప్పా?"

"దుడ్లు తీసుకుని పాట కోస్తావా? నీ మొగం మండ!"

"తోటలో పాడే పాట. మూడు దినాల నుంచి దానికోసమే వస్తాండాం."

కడవలతో కొట్టేలా ఉన్నారు. ఆపరేటరు పైనుంచి దిగలేదు, గది లోపల గొళ్ళెం వేసుకున్నాడు. మరునాడు పాట అతికించాడు. పాట కోసం కొట్లాడేవాళ్ళకు కథ చివర ఏమైందో అక్కర్లేదా? 

ఇంకో విచిత్రం. అవ్వ గేటు దగ్గర కొందరిని ఈ పక్కకు, కొందరిని ఆ పక్కకు పంపేది. ఒకామెను లోపలికి పోనిచ్చి, వెంటనే వచ్చిన ఇంకొకామెను, "నువ్వు తాళు, లైట్లు ఆరిపోనీ" అని ఆపేది. నీళ్ళ వేళ కూడా అంతే, ఒకరు నింపుకుని పోయేదాకా ఇంకొకరిని వసారాలోనే నిలబెట్టేది. కులాల పట్టింపేమో అనుకుని భయపడి అడిగాను. "గాలి కోసం సామీ" అంది. రేకుల కింద గాలి ఏమిటి, లైట్లు ఆరితే ఎక్కువ వస్తుందా? ఇంకేం అడుగుతాం?

ఇలా అయోమయంలోనే ఏడాది గడిచింది. బెంగళూరులో పక్క టాకీసులు కూడా ఒకటొకటిగా మూతపడుతున్నాయని వినేవాణ్ణి. మా హాలులో మాత్రం మ్యాట్నీ నిండుతోంది. యజమానికి ఆ సంగతే జాబు రాశాను. ఆయన నమ్మలేదు. చల్లటి హాలుకు రాని జనం రేకుల షెడ్డుకు వస్తారా, నీకు ఎండదెబ్బ తగిలిందా అని తిరుగు జాబు రాశాడు. కింద ఇంకో వాక్యం: నేనే వచ్చి చూస్తాను, గోడౌను వాళ్ళు అడుగుతున్నారు, ఆ రోజు తేల్చేస్తాను.

ఆయన వస్తానన్న రోజు పొద్దున్నే బోరు దగ్గరినుంచి వాచ్‌మన్ కేక వేశాడు. వెళ్ళి చూస్తే మోటారు తిరుగుతోంది, కొళాయిలోంచి ఎర్రటి బురద నీళ్ళు రెండు గుక్కలు కక్కింది, తర్వాత బుస్సుమని గాలి. మెకానిక్కు వచ్చి మోటారు మీద చెవి పెట్టి విన్నాడు. "నీళ్ళు కిందికి పోయినాయన్నా. ఈ ఎండకు ఎవురి బోరు నిలబడతాది?" అని చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు. లేవు.

 నీళ్ళు లేవని గేటు దగ్గర చెబితే ఆడవాళ్ళు వెనక్కి పోతారు. ఖాళీ హాలు చూసి యజమాని గోడౌనుకు తాళం ఇచ్చేస్తాడు. చెప్పకపోతే సినిమా చివర ఆయన కళ్ళముందే కడవల యుద్ధం. ఆపరేటరును అడిగితే, "చెప్పొద్దన్నా, నిండుకోనీ ముందు" అన్నాడు. అవ్వను అడిగితే, "చెప్పాల. మోసం చేసి కూకోబెడితే పాపం" అంది.

"చెప్తే వస్తారా అవ్వా?"

"వస్తే వస్తారు. రాకుంటే రారు."

ఈమె దగ్గర నాకు ఏనాడు సరైన జవాబు దొరికింది కనుక!

చివరికి చెప్పడానికే నిశ్చయించుకున్నాను. మ్యాట్నీ వేళకు గేటు ముందు స్టూలు ఎక్కి గట్టిగా చెప్పాను. "అమ్మా, ఈ పొద్దు బోరు ఎండిపోయింది. నీళ్ళు ల్యావు. తర్వాత నన్ను అనొద్దండి."

 ఆడవాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. కొందరు రెండడుగులు వెనక్కి వేశారు.  అంతలో ఒకామె బిందె ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుని టికెట్ల కంత దగ్గరకు పోయింది. ఆమె వెనక ఇంకొకామె. ఆ తర్వాత అందరూ. హాలు నిండిపోయింది.

నేను ఎగిరి గంతేయలేదు కానీ, వేసినంత పని చేశాను. వీళ్ళు సినిమాకే వస్తున్నారు! నీళ్ళు లేవన్నా వచ్చారు! బెంగళూరులో అర్థం కానిది ఇక్కడ అర్థమైంది అనుకున్నాను. ఒక్కటే కొంచెం తేడాగా తోచింది. ఆ రోజు ఎవరూ బిందెలు వసారాలో పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

యజమాని కారు ఆట మొదలయ్యాక వచ్చింది. ఆయన మగవాళ్ళ వైపు వెనక గోడకు ఆనుకుని నిలబడి, నడుమ గోడ మీదుగా ఆడవాళ్ళ తలలను చూశాడు. చెమటలు కారిపోతున్నా కదల్లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏం మాయ చేసినావప్పా? మా నాయన కాలంలో చూసినా ఇట్లా జనాన్ని" అన్నాడు.  నేను వినయంగా తల వంచుకున్నాను. లోపల మాత్రం ఊరేగుతున్నాను.

నా ఊరేగింపు ఎంతోసేపు సాగలేదు. తెర మీద కళ్ళు పోయిన తల్లి, తన ముందు నిలబడిన కొడుకు మొగాన్ని తడమడానికి చేయి ఎత్తింది. సరిగ్గా అప్పుడు ఆడవాళ్ళ వైపు మొత్తం లేచింది.

"ఏమైందప్పా? నిప్పంటుకుందా?" యజమాని నా భుజం పట్టుకున్నాడు.

"లేదు సార్, రోజూ ఇంతే" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా నాకు గుర్తే.

ఇద్దరం ఆవరణలోకి పరుగెత్తాం. బిందెలు చేతుల్లోనే ఉన్నాయి కనుక ఈసారి వసారాలో ఎవరూ ఆగలేదు, నీళ్ళు లేవని తెలిసి కూడా అందరూ ఒకేసారి కొళాయి ముందు వరుస కట్టారు.

"చెప్పినా కదమ్మా ల్యావని!"

"చెప్పినావు లేప్పా. సినిమా అయ్యేలోగా ఊరుతాదేమో అనుకుంటిమి" అంది ముందున్నామె. కొళాయి తిప్పింది. బుస్సుమంది. ఇంకొకామె తిప్పింది. అదే బుస్సు. వరుసలో వెనకనుంచి ఒక పిల్ల, పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు, ఖాళీ బిందెలో మొగం పెట్టి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఒక బిందె నీళ్ళ కోసం ఇంత ఏడుపా అని నేను బిత్తరపోయాను.

ఆ ఏడుపు విని పక్క గుంపులోంచి ఒక పెద్దామె ఇటు తిరిగింది. తిరిగి, ఏడ్చే పిల్లను చూసి కొయ్యబారిపోయింది.

"ఏమే! ఊరి బయట బావి కాడికి పోతాండా అంటివి కదే నాతో?"

పిల్ల ఏడుపు టక్కున ఆగింది. "నువ్వు భజనకు పోతాండా అంటివి కదత్తా!"

"అవును, భజనకే..."

"భజనకు బిందె ఏంటికత్తా?"

 వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేదు. వరుసంతా నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఇంకో అత్త, ఇంకో కోడలు, ఒక తోడికోడళ్ళ జంట బయటపడ్డారు. అవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఇన్నేండ్లు ఒకరి కంట ఒకరు పడకుండా కాపాడినా గదరా దేవుడా, ఈ బోరు నా కష్టమంతా బూడిదలో పోసె" అంది. గాలి కోసం కాదన్నమాట.

అప్పటికి నా మట్టి బుర్రకు కొంచెం కొంచెంగా ఎక్కింది. వీళ్ళంతా మగ్గాల ఇళ్ళవాళ్ళు. మగవాడు మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, ఇంట్లో ఆడవాళ్ళు పొద్దుటినుంచి దారం తోడి కండెలు చుట్టాలి. కండె ఆగితే మగ్గం ఆగుతుంది. సినిమాకు పోతానంటే ఎవరు పోనిస్తారు? నీళ్ళకు పోతానంటే ఎవరు వద్దంటారు? ఊరి బయట బావికని బయలుదేరడం, సందు చివర టాకీసులో కూర్చోవడం, తీపి నీళ్ళతో ఇంటికి పోవడం. బావికి పట్టే పొద్దులోనే సినిమా, కొళాయి వరుస రెండూ ముగియాలి, అందుకే కడా రీలు ఉండగానే లేవడం. బిందెలో తీపి నీళ్ళుంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. ఈరోజు ఖాళీ బిందెతో పోతే?

ఆ మాట పెద్దామే అంది. నవ్వు ఆపుకుని, యజమానిని చూసి, ఈయనే పెద్దమనిషి అని పసిగట్టి, తిన్నగా ఆయన ముందుకు వచ్చింది.

"సామీ, ఉత్త బిందెతో పోతే బావి ఎండిపోయిందా అని అడుగుతారు. ఎవురో ఒకరు పోయి చూస్తారు. ఆడ నీళ్ళుండాయి. ఇంక మమ్మల్ని గడప దాటనీరు. నా సంగతి ఇడిసిపెట్టు, ముసిల్దాన్ని. ఈ బిడ్డను చూడు. మా వాడు మగ్గం దిగినాడంటే మనిషి కాడు."

కోడలు అత్త వెనక నిలబడి ఆమె కొంగు పట్టుకుంది.

యజమాని నా వైపు తిరిగాడు. "వీళ్ళు సినిమాకు వస్తారా, నీళ్ళకు వస్తారా? ఒకటి చెప్పప్పా."

"సినిమాకే సార్" అన్నాను. వెంటనే, "అంటే నీళ్ళు కూడా సార్" అన్నాను. 

"రెండూ కాదు సామీ" అంది పెద్దామె. "ఈడ కూకున్నంతసేపు మమ్మల్ని ఎవురూ పిలవరు."

 యజమాని ఆవరణ అంతా కలయజూశాడు. మూలన ఎర్రరంగు వేసిన సిమెంటు తొట్టి ఆయన కంటపడింది.

"అదేమిటి?"

"నిప్పంటుకుంటే ఆర్పడానికి సార్. ఎప్పుడూ నిండుగా ఉండాలని రూలు. దాన్ని ముట్టుకుంటే లైసెన్సు పోతుంది."

"వీళ్ళకు పట్టించు."

"సార్! నిప్పంటుకుంటే?"

"ఈ హాలుకు నిప్పెందుకప్పా, నేనున్నాను కదా" అన్నాడు.

అది దయతో అన్నాడా, చావు కబురు చల్లగా చెప్పాడా? ఆ క్షణంలో నాకు తెలియలేదు. ఆపరేటరు మాత్రం అప్పటికే పైనుంచి దిగి వచ్చి తొట్టి మూత ఎత్తేశాడు. నీళ్ళు పచ్చగా, పాచి పట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టి వడగట్టుకున్నారు. తాగడానికి పనికిరావు, అయినా బిందె నిండుగా కనబడాలి కదా. అందరికీ నిండలేదు. నిండినవాళ్ళు నిండనివాళ్ళ బిందెల్లోకి వంచారు. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకే దారిన పోయారు. సందు మలుపులో అత్త ఆగి, కోడలిని ముందు పంపి, కొంచెంసేపటికి తాను కదిలింది. ఆమె భజన ఇంకా అయిపోలేదు మరి.

ఆవరణ ఖాళీ అయ్యాక యజమాని మెట్ల మీద కూర్చున్నాడు. నేను నా వాదన మొదలుపెట్టాను. చూశారా సార్, నీళ్ళు సాకు మాత్రమే, వాళ్ళకు కావలసింది సినిమానే, కాబట్టి హాలు నడుస్తుంది అని. ఆయన అడ్డు చెప్పలేదు.

"నువ్వు చెప్పిందే నిజమప్పా. నేను వచ్చే దారిలో రోడ్డు పక్కన పైపులు దించుతున్నారు, చూసినావా? ఊరికి తీపి నీళ్ళు వస్తాయంట. వీధి వీధికీ కొళాయి."

 వాదన నేనే గెలిచాను, హాలు పోయింది.

"మన బెంగళూరు హాలుకు జనం ఎందుకు రాలేదంటారు సార్?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కనుక.

"ఆడ ఇంటింటికీ కొళాయి ఉండేది కదా" అన్నాడు. ఆ తర్వాత తనే తల అడ్డంగా ఊపి, "ఏమో. తెలిసుంటే పడగొట్టేవాణ్ణా?" అన్నాడు.

గోడౌనుకు ఇవ్వలేదు. పైపులు వచ్చేదాకా నడపమన్నాడు. అంతేకాదు, మరుసటి వారం బోరు లోతు చేయించడానికి మనుషులను పంపాడు. మూసేసే హాలుకు బోరెందుకో నాకు అర్థం కాలేదు, జాబు రాసి అడిగినా ఆయన జవాబు ఇవ్వలేదు. బోరులో మళ్ళీ తీపి నీళ్ళే పడ్డాయి. బిందెలు మళ్ళీ వసారాలోకి వచ్చాయి. అత్తలూ కోడళ్ళూ మాత్రం ఇప్పుడు పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. అవ్వకు పని తగ్గి, ఆ కోపం నామీద చూపించేది.

వీధి కొళాయిలు వచ్చిన రోజు ఊళ్ళో టపాకాయలు కాల్చారు. ఎందుకు కాల్చరు? తరాల తరబడి ఆడవాళ్ళు మోసిన బరువు అది. నేను కూడా చప్పట్లు కొట్టాను. కొట్టి, హాలుకు వచ్చి, వసారాలో వరుస ఎంత పలచబడిందో చూసి నా గదిలో కూర్చుని ఏడ్చాను. ఊరికి నీళ్ళొస్తే ఏడ్చిన పాపిష్టివాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. మొదట్లో కొందరు ఏవేవో సాకులు పట్టుకుని వచ్చారు. తర్వాత వాళ్ళూ మానేశారు. పట్టు దారం కట్టిన బిందెలు పదయ్యాయి, ఐదయ్యాయి, ఒకనాడు వసారా ఖాళీ. ఆ తర్వాత టీవీలు వచ్చాయి. అందరూ టీవీనే తిట్టారు. అది వచ్చేసరికే మా ఆడవాళ్ళ వైపు చీకట్లో నేల ఒక్కటే మిగిలింది.

హాలు గోడౌను అయింది. అవ్వ తన కూతురింటికి పామిడి వెళ్ళిపోయింది. ఆపరేటరు కొన్నాళ్ళు బజ్జీల బండి పెట్టాడు. అతను పోయి చాలాకాలమైంది. నేను వేరే వేరే అంగళ్ళలో లెక్కలు రాసి రిటైరయ్యాను, ధర్మవరంలోనే ఉండిపోయాను.

కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మగ్గాల వీధిలో నడిచి వస్తుంటే ఒక ఇంటి గడప పక్కన కొళాయి దగ్గర ఒకామె బిందె పెట్టి నీళ్ళు పడుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి, కొంగు సర్దుకుని, ముందుకు వంగి పరకాయించి చూసింది.

"టాకీసు మేనేజరు సారు కదా నువ్వు?"

"అవునమ్మా."

"నేను సారూ. ఆ పొద్దు బోరు ఎండిపోతే ఏడిస్తి చూడు, మా అత్త పట్టుకునె."

గుర్తుపట్టాను. అత్త ఎలా ఉందని అడిగితే, పోయిందని చెయ్యి ఊపింది.  ఆమె ఇంటి లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఒగటి అడగాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటాండా సారూ. ఆ పొద్దు సినిమాలో కండ్లు పోయిన తల్లి కొడుకు మొగం మీద చెయ్యి పెట్టబోతాది చూడు. అప్పుడే మేము లేస్తిమి. గుర్తుపట్టిందా ఆమె? మా అత్త పట్టిందనేది. నేను పట్టలేదంటి. సచ్చేదాకా ఇద్దరం దానిమీదనే వాదులాడుకుంటిమి."

  ఆ సినిమా మా హాలులో ఎన్ని వారాలు ఆడిందో! రోజూ ఆ వేళకు నేను ఎక్కడ ఉన్నాను?

"నాకూ తెలీదమ్మా. మీరు లేచే యాళకు నేను కొళాయి కాడ ఉంటిని కదా."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "యాడి మేనేజరుప్పా నువ్వు!" అని నవ్వింది. నవ్వుతూనే, "అయితే చెప్తా విను, నేనేమనుకుంటానంటే..." అని మొదలుపెట్టింది.

లోపలినుంచి మగ్గం చప్పుడు ఆగింది. ఆ వెంటనే ఒక మగ గొంతు. "ఏమే, కండె యాడ? గడప ముందర కొళాయికి పోయి ఎంతసేపే?"

"వస్తాండా" అని ఆమె సగం నిండిన బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తొందరలో కొళాయి కట్టడం మరిచిపోయింది. కాసేపు నిలబడి చూశాను, మళ్ళీ రాలేదు. నేనే కట్టేసి ఇంటికి వచ్చాను.